కలమూ, కొలువూ
(సూరత్‌లో తెలుగు విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం)



మగ్గాల చప్పుడు నడుమ తెలుగు కథలు వ్రాయాలని ఉవ్విళ్ళూరే మీరు తరచు అడిగే ప్రశ్న ఒక్కటే: కొలువు మాని వ్రాయవచ్చునా? ఈ ప్రశ్నకు మీ నగరమే ఏనాడో రెండు సమాధానాలిచ్చింది. ఇక్కడ జన్మించిన నర్మద్ 1858లో ఉపాధ్యాయ పదవిని త్యజించి, కలాన్నే నమ్ముకున్నారు. ఒంటిచేత్తో ‘నర్మకోశ్’ నిఘంటువును కూర్చారు. చివరకు ఆర్థిక దుస్థితి వలన 1882లో మళ్ళీ ఉద్యోగంలో చేరక తప్పలేదు. ఈ నగరంవారే అయిన నందశంకర్ మెహతా విద్యాశాఖ కొలువులో ఉంటూనే 1866లో ‘కరణ్ ఘేలో’ను వెలువరించారు. గుజరాతీలో తొలి స్వతంత్ర నవలగా దానికి పేరు. మన వీరేశలింగం గారూ బడిపంతులుగా ఉంటూనే ‘రాజశేఖర చరిత్రము’ వ్రాశారు. నర్మద్ త్యాగం వందనీయమే. అనుసరించమని మాత్రం మీకు చెప్పలేను.

ఆనాటివారికి లేని సౌకర్యాలు మీకున్నాయి. పదం సందేహమైతే ‘ఆంధ్రభారతి’ నిఘంటువులు సెల్‌ఫోనులోనే తెరుచుకుంటాయి. 1998లో ఆరంభమైన ‘ఈమాట’ జాలపత్రికను చదవండి. కథ కుదిరినపుడు పంపండి. నేషనల్ బుక్ ట్రస్టు ద్వారా 2021లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ‘యువ’ పథకంలో, ముప్ఫయి ఏళ్ళలోపు రచయితలు 75 మందికి నెలకు 50,000 రూపాయల చొప్పున ఉపకారవేతనం ప్రకటించారు. అయితే అది ఆరు నెలలకే సుమా! ఏడవ నెల సంగతి ముందే ఆలోచించుకోవాలి.

గుజరాతీ మీకు వీధి గుమ్మంలోనే ఉంది. ముందుగా ఒక గుజరాతీ కథను తెనిగించి చూడండి. పిదప మీ వీధి నేతగాని కథ మొదలుపెట్టండి.