యంత్రం పక్కన మనిషి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ ఉద్యోగం గురించి వద్దు, నీ పిచ్చి గురించి మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. నా పిచ్చి ఇదిగో, ఈ బల్ల మీదే ఉంది. జానెడు ఎత్తు. రెండు కాళ్లు. ఒక చేతికి ఫిరంగి, ఇంకో చేతికి రంపపు కత్తి. బొమ్మే! యాభై దాటినవాడు బొమ్మలతో ఆడుకుంటున్నాడా అని నవ్వుకోండి, ఏం పరవాలేదు. మా ఇంట్లో ఇలాంటివి పన్నెండు ఉన్నాయి.

ఇవి అలంకారానికి పెట్టుకునే బొమ్మలు మాత్రమే కావు. బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలో పావులు. చదరంగంలో మన ఏనుగు, గుర్రం, శకటు, బంటు ఉన్నట్టే. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధపు ఆటను మెరుగుపరిచి, పటం మీద పావులు జరుపుతూ అధికారులకు తర్ఫీదు ఇచ్చేలా చేశాడు. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి.వెల్స్ బొమ్మ సిపాయిలతో ఇంట్లో ఆడుకునే ఆటకు నియమాలు రాసి 'లిటిల్ వార్స్' అనే పుస్తకం వేశాడు. నిజం యుద్ధం కంటే ఈ ఆటే ఎంతో మేలని ఆయన వాదన. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 1987లో 'వార్‌హామర్ 40,000' తెచ్చింది. 1988లో 'అడెప్టస్ టైటానికస్' అనే ఆటతో టైటాన్లు, అంటే నడిచే కోటల్లాంటి యంత్రాలు, బల్ల మీదికి వచ్చాయి. వాటికంటే చిన్నవి 'నైట్'లు. 2014లో ప్లాస్టిక్ కిట్‌గా వచ్చిన ఇంపీరియల్ నైటే మీ ముందున్న ఈ బొమ్మ.

కిట్ అంటే తయారైన బొమ్మ రాదు. చట్రాలకు అతుక్కుని ముక్కలు వస్తాయి. కటింగ్ ప్లేయరుతో ఒక్కొక్కటీ కోసి, అంచులు గీకి, జిగురుతో అతికించాలి. ముందు ప్రైమరు కొట్టాలి. రంగును నీళ్లతో పల్చన చేసి పొర మీద పొర వేయాలి. తొందరపడి చిక్కగా పూస్తే మేకుల తలలన్నీ పూడిపోతాయి. తర్వాత సందుల్లోకి నల్లటి పల్చని రంగు పారించాలి. చివరికి కుంచెను దాదాపు ఆరబెట్టి, అంచుల మీద తేలిగ్గా రుద్దితే ఇనుము అరిగినట్టు కనిపిస్తుంది. నాకు ఒక్కోదానికి రెండు మూడు నెలలు పడుతుంది. కింద పీఠానికి మాత్రం రంగు కొనను. మన ఎర్రమట్టిని పాత పంచెగుడ్డలో జల్లెడ పట్టి, జిగురులో కలిపి పూస్తాను. నా యంత్రాలన్నీ అనంతపురం నేల మీదే నిలబడి ఉంటాయి.

ఇంత పిచ్చి ఎక్కడ మొదలైందో చెప్పాలి. ఇంగ్లండులో కాదు. మా చేనులో.

1986 వేసవి. నేను ఎనిమిదో తరగతి. అప్పటికే రెండు బోర్లు ఎండిపోయి, మా నాయన మూడో బోరు వేయిస్తున్నాడు. తిరుచెంగోడు బండి వచ్చింది. అంతకు ముందు నేను చూసిన అతి పెద్ద యంత్రం ఆర్టీసీ బస్సు. ఈ బండి చేనులోకి వచ్చి, పడుకోబెట్టిన ఇనుప స్తంభాన్ని మెల్లగా పైకి లేపి నిలబెట్టింది. కంప్రెసరు రొద. కాళ్ల కింద నేల వణుకు. రాయి పిండిపిండిగా బయటికి చిమ్మి, కంది చెట్లన్నీ తెల్లబడిపోయాయి. ఒక పైపు దిగగానే ఇంకో పైపు బిగిస్తున్నారు. ప్రతి పైపుకూ నేను చప్పట్లు కొట్టాను.

రాత్రి రెండు వందల అరవై అడుగులకు ఆపేశారు. దుమ్మే తప్ప తడి లేదు. నాయన గట్టు మీద తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను పరిగెత్తుకుంటూ పోయి, "నాయనా, బండి ఎంత పెద్దదో చూస్తివా!" అన్నాను. ఆయన నన్ను కొట్టలేదు. "చూస్తినిరా" అన్నాడు, అంతే. ఆ ఏడే మెట్ట నాలుగెకరాలూ అమ్మేశాం. ఈ బడికి నేను పుస్తకాలు లేకుండా వచ్చిన ఏడు అదే. ఎవరి పుస్తకాలు నా డెస్కులోకి ఎలా వచ్చాయో నాకు తెలుసు. పేరు చెప్పొద్దని ఆ సారు అప్పుడే ఒట్టు పెట్టించుకున్నారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు.

ఆ ఎండాకాలం పని లేదు. సాయంత్రం పూట గుడి బండ మీద నాయన నాతో పులిజూదం ఆడేవాడు. మీకు తెలిసిందే, మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు చింతగింజలు, మేకలకు గులకరాళ్లు. పులులు నేనే తీసుకునేవాణ్ని, పెద్దవి కదా! నాయన ఎప్పుడూ మేకలే. "పులి బలమంతా దూకడంలో ఉందిరా. దూకే చోటు మూసేస్తే అది కూడా రాయే" అనేవాడు. దాదాపు ప్రతిసారీ నేనే ఓడిపోయేవాణ్ని.

తర్వాత బెంగుళూరులో యంత్రాల డిజైను ఉద్యోగం. 2016లో పని మీద ఇంగ్లండు వెళ్లి, నాటింగ్‌హామ్‌లో ఆ కంపెనీ ప్రదర్శనశాలలో అద్దాల వెనక ఈ యంత్రాలను చూసినప్పుడు, ఎనిమిదో తరగతి పిల్లాడు నాలోంచి బయటికి వచ్చాడు. మొదటి కిట్ కొన్నాను. ధర ఇంట్లో సగమే చెప్పాను. ఈ రోజుతో ఆ గుట్టు కూడా బయటపడింది.

మొదటిది పూర్తయిన నెలలో నాయన బెంగుళూరు వచ్చాడు. అద్దాలు పెట్టుకుని చాలాసేపు దాని చుట్టూ చూశాడు. బోరు బండి గుర్తొస్తుందేమో, బాధపడతాడేమో అని నాకు భయం. ఆయన అడిగింది ఒకటే: "దీని పక్కన మనిషి ఏడిరా?"

అప్పుడు ఆలోచించాను. ఈ ఆటలో మనిషి బొమ్మ సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే అసలు మనిషిలో దాదాపు అరవయ్యో వంతు. మన లేపాక్షి బసవన్న పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. ఈ కొలతకు తెస్తే అయిదున్నర అంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు. లేపాక్షిలో ఆ నంది ఎంత పెద్దదో మనకు ఎప్పుడు తెలుస్తుంది? దాని మెడ కింద ఎవరో నిలబడి ఫొటో తీయించుకుంటున్నప్పుడు. పక్కన మనిషి లేకపోతే పెద్దదనం లేదు. నా యంత్రం గొప్పగా లేకపోవడానికి కారణం రంగు కాదు. పక్కన ఎవరూ లేరు. ఆ రాత్రి చేనులో కూడా నేను యంత్రాన్నే చూశాను, పక్కనున్న మనిషిని చూడలేదు.

ఆ వారమే ఒక చిన్న సిపాయి బొమ్మను కోసి, తుపాకి తీసేసి, కూర్చోబెట్టాను. ఒళ్లో చిన్న తలగుడ్డ. యంత్రం పాదం పక్కన ఎర్రమట్టి గట్టు మీద పెట్టాను. నాయన చూసి, "నేను ఇంత సన్నగా ఉంటినా?" అన్నాడు. అప్పుడు ఇద్దరం నవ్వాం. మూడేళ్ల కిందట ఆయన పోయారు. ఇప్పుడు నా పన్నెండు యంత్రాల పక్కనా ఆయన ఉన్నారు. దగ్గరికి వచ్చి చూడండి, కనిపిస్తారు.

ఆటలో కూడా నాయన మాటే నిజమైంది. ఇంత పెద్ద నైటుకు ఎదురుగా కాల్బలం పెట్టుకున్న కుర్రాళ్లు దాన్ని దారుల్లో ఇరికించి, తాము కాపాడుకోవాల్సిన చోట్లన్నీ పట్టుకుని, నన్ను చాలాసార్లు ఓడించారు. పదిహేను మేకల లెక్కే అది.

పిల్లలకు ఒక మాట. పెద్ద యంత్రాలను ప్రేమించండి. రాకెట్లు, టర్బైన్లు, బోరు బండ్లు, ఏవైనా. నేనూ ఆ ప్రేమతోనే బతికాను. కానీ చూసిన ప్రతిసారీ మా నాయన ప్రశ్న అడగండి. దాని పక్కన ఎవరున్నారు, వాళ్ల ముఖం ఎలా ఉంది?

భోజనాల తర్వాత ఎనిమిదో తరగతి గదిలో రెండు ఆటలు పెడుతున్నాను. బల్ల మీద ఇది. ముట్టుకోవచ్చు, విరిగితే అతికిస్తాను. నేల మీద సుద్దముక్కతో గీసిన పులిజూదం. అయ్యవార్లకు మేకలు, మాకు పులులు. మమ్మల్ని ఎలా కట్టడి చేయాలో వాళ్లకు యాభై ఏళ్లుగా తెలుసు.