మనుమలతో వినోద యాత్ర – తాతకూ, నానమ్మకూ ఒక పాలు

(కుటుంబ సభ్యులతో కలిసి జరిగిన బొంరాస్‌పేట సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరువు భత్యం, వైద్య ఖర్చుల బిల్లులు తప్ప వేరే మాట వినబడదు. అవి అవసరమే. కాని ఈసారి కోడళ్లు, మనుమలు కూడా వచ్చారు గనుక ఇంటి సంగతి ఒకటి మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. పిల్లలు ఊళ్లో దిగుతూనే "తాతా, వండర్‌లా ఎప్పుడు పోదాం?" అని అడుగుతారు. మన చిన్నతనంలో తాండూరు భద్రేశ్వరుని జాతరలో రంగులరాట్నం ఎక్కితే ఏడాదంతా చెప్పుకునేవాళ్లం. ఇప్పటి వాళ్లకు అది చాలదు. చాలకపోవడం వాళ్ల తప్పూ కాదు.

ఇటువంటి పార్కులు పిల్లల కోసమే అనుకుంటాం. ఆ ఊహ పుట్టిన కథ వేరు. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో ఒక పార్కుకు తీసుకుపోయేవాడు. వాళ్లు రాట్నం మీద తిరుగుతుంటే తాను బెంచీ మీద పల్లీలు తింటూ కూర్చునేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఎందుకు ఉండకూడదన్న ఆలోచన అక్కడే వచ్చిందని ఆయనే తరువాత చెప్పారు. 1955 జూలై 17న డిస్నీలాండ్ ప్రారంభమైంది. మన హైదరాబాదు దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో, రావిర్యాలలో వండర్‌లా 2016లో వచ్చాయి. మనం మాత్రం ఇంకా ఆ బెంచీ మీదనే ఉన్నాం. పక్కన చెప్పుల సంచి, ఒడిలో నలుగురి ఫోన్లు, మెడకు ఎవరిదో తువ్వాల. అక్కడ అద్దెకు లాకర్లు దొరుకుతాయి. సామాను వాటికి అప్పగించి, ప్రయాణం అనుకున్న రోజే తాతకూ నానమ్మకూ ఆటలో ఒక పాలు పంచిపెట్టమని పిల్లల తల్లిదండ్రులకు నా మనవి.

ఆ పాలు ఏమిటో ముందే తేల్చుకోవాలి. అక్కడి పెద్ద రైడ్ల దగ్గర బోర్డులుంటాయి. గుండె జబ్బు, అధిక రక్తపోటు, వెన్ను, మెడ నొప్పులు ఉన్నవారు ఎక్కరాదని రాసి ఉంటుంది. రావిర్యాలలో 'రీకాయిల్' అనేది ఉంది. బండిని ఎత్తుకు లాగి వదిలేస్తే మెలికలు తిరిగి అవతలి ఎత్తు ఎక్కుతుంది, మళ్లీ అదే దారిన వెనక్కి వస్తుంది. ఇంజను తోలేది కాదు, ఎత్తు నుండి పడే వేగమే దాన్ని నడిపిస్తుంది. పిల్లలకు అది వివరించడానికి మనం ఎక్కనవసరం లేదు.

మా పరిగి మిత్రునికి గుండెలో స్టెంటు ఉంది. ఆ సంగతి పిల్లలకు చెప్పలేదు. "నువ్వు సుత ఎక్కాలె తాతా" అని మనుమడు చేయిపట్టి లాగితే లైనులో సగందాకా పోయి, బోర్డు చదివి ఆగిపోయాడు. "భయపడ్డవా?" అన్నాడు పిల్లవాడు. ఆయన మణికట్టు చూపించి, ఇక్కడి నుండి సన్నటి గొట్టం గుండె దాకా పంపి బాగుచేశారని అక్కడే చెప్పాడు. ఆ పిల్లవాడు ఆ రోజంతా తాత చేయి వదలలేదట. మనలో చాలామంది మనుమల ముందు చేతకానివాళ్లం అనిపించుకోవడం ఇష్టంలేక ఎక్కేస్తాం. ఇది నాకు నచ్చని ధైర్యం. నిదానంగా తిరిగేవి, పెద్దలు నింపాదిగా కూర్చోగలిగేవి కూడా అక్కడ ఉన్నాయి. అవి మన పాలు.

పిల్లల్లోనూ ఇదే చిక్కు. రైడు ఎక్కనిచ్చేది వయసు చూసి కాదు, ఎత్తు చూసి. ఇంట్లోనే తలుపు చౌకట్టుకు నిలబెట్టి కొలవండి. ఏది ఎక్కవచ్చో, ఏది వచ్చే ఏడాదికో ఇక్కడే చెప్పండి. అక్క లోపలికి పోయి తమ్ముడు గేటు దగ్గర ఆగిపోతే, ఆ ఏడుపు పూటంతా వినాల్సి వస్తుంది. నీళ్ల ఆటల్లోకి నూలు బట్టలతో రానివ్వరు, నైలాను దుస్తులు కావాలి. చీర విడిచి అవి వేసుకోవడం నానమ్మకు ఇష్టమో కాదో ఆమెనే అడగండి. ఆమె తరఫున "ఆమె దిగదులే" అని కొడుకు చెప్పడం ఎన్నోసార్లు విన్నాను.

డబ్బు సంగతి. పనిరోజుల్లో టికెట్టు కొంత తక్కువ, రద్దీ కూడా తక్కువ. ఎవరు పెట్టుకుంటారో ఇంట్లోనే తేల్చుకోవాలి. కౌంటరు దగ్గర తండ్రీకొడుకులు పర్సులతో పోటీపడితే వెనుక లైను నవ్వుతుంది. పెన్షను ఒకటో తారీఖుది, మందులు నెలంతావి. "టికెట్లు మీవి, భోజనం నాది" అనడంలో చిన్నతనం లేదు.

ఇక దారి. పరిగి, చేవెళ్ల మీదుగా అప్పా జంక్షను చేరి బాహ్య వలయ రహదారి ఎక్కితే, నగరంలోకి పోకుండానే 13వ ఎగ్జిట్ దగ్గర రావిర్యాలలో దిగవచ్చు. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుండి మన ఆడవాళ్లకు టికెట్టు లేదు. అయితే పిల్లలతో బస్సులు మారడం కష్టం. నలుగురు కలిసి బండి మాట్లాడుకోవడమే మేలు.

తిరుగు ప్రయాణం మాత్రం రాత్రి వద్దు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర తాండూరు నుండి పోతున్న బస్సును కంకర టిప్పరు ఢీకొని ఎందరు పోయారో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. అది జరిగింది పొద్దున్నే. రోజంతా ఎండలో తిరిగి అలసిన డ్రైవరుతో, మర్రిచెట్ల మధ్య చీకట్లో, ఒళ్లో నిద్రపోయే పిల్లలతో రావడం ఎందుకు? నగరంలో బంధువుల ఇంట పడుకుని మర్నాడు జూ చూపించి రండి. అది 1963 నుండి ఉంది, సోమవారం సెలవు. నడవలేనివారికి లోపల బ్యాటరీ బండ్లు ఉన్నాయి.

మా ఇంట్లో పెద్ద మనుమరాలికి పదమూడు నిండాయి. ఈసారి స్నేహితురాళ్లతో పోతానంటుందేమోనని నానమ్మ దిగులు. ఆదివారం ఫోన్ చేసి చెప్తానంది. ఆలోగా చిన్నవాడి ఎత్తు కొలవాల్సి ఉంది.