ఆ వ్యాను ఎక్కిన వాళ్ళు ఏమయ్యారు?

(ఆగస్టు 9న మా దగ్గర జరిగిన యువకుల సమావేశంలో మాట్లాడిన మాటలివి. కొందరు రాసి పెట్టమని అడిగారు.)

 

నన్ను తాగుడు గురించి మాట్లాడమన్నారు. తాగొద్దని చెప్పడానికి నేను రాలేదు. ఆ మాట మీరు బడిలో విన్నారు, టీవీలో విన్నారు, ఎన్నికల మీటింగుల్లో కూడా విన్నారు. (మీటింగు అయిపోయాక ఏం పంచుతారో అదీ మీకు తెలుసు.) మానాలనుకున్న మనిషికి సర్కారు డబ్బు ఎట్లా అందాలి, అందకపోతే ఏమవుతుంది, అందినా ఎవరి జేబులోకి పోవచ్చు, ఇవి చెప్తా. దీనికి అమెరికా దాకా పోయి రావాలి. కొంచెం ఓపిక పట్టండి.

ముందు మా మామ సంగతి. మా అమ్మ తమ్ముడు. పత్తి పోయిన ఏడాది నుంచి తాగుడు పెరిగింది. మొదట సాయంత్రం, తర్వాత పొద్దున్నే. చేతులు వణికితే గాని లేవడు, తాగితే గాని వణుకు ఆగదు. నేను ఏఎన్ఎంని కదా, అత్త నన్నే అడిగింది. పట్నంలో మత్తు మాన్పించే ప్రైవేటు సెంటరు ఒకటుందని చెప్పింది నేనే. నెలకు 20 వేలన్నారు. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే "ఇక్కడ నడవదమ్మా" అన్నారు. అత్త ఎడ్లు అమ్మింది.

రెండు నెలలు ఉంచారు. ఫోను ఇయ్యలేదు. మామకి గోండి బాగా వస్తుంది, తెలుగు బజారు వరకే వస్తుంది. కౌన్సెలింగ్ అని రోజూ కూర్చోబెట్టి ఏం చెప్పారో ఆయనకు సగం తెలియలేదు. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు మళ్ళీ తాగాడు. వచ్చాక ఎట్లున్నాడని సెంటరు వాళ్ళు ఒక్క ఫోను చేయలేదు. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పుడు నేను ఒకటే అనుకున్నా. కార్డు నడిస్తే చాలు, ఎడ్లు మిగిలేవి, అంతా బాగయ్యేది. అరిజోనా సంగతి చదివాక ఆ నమ్మకం పోయింది.

అరిజోనా అమెరికాలో ఒక రాష్ట్రం. అక్కడ మనలాంటి ఆదివాసులు చాలా జాతులున్నారు. అందరికన్నా పెద్ద జాతి నవాహోలు. వాళ్ళు తమని తాము దినే అని పిలుచుకుంటారు. అపాచీలున్నారు, ఇంకా వేరేవాళ్ళున్నారు. నవాహో నేలమీద మద్యం అమ్మడం నిషేధం. సరిహద్దు దాటితే గాలప్ లాంటి ఊళ్ళలో కావలసినంత దొరుకుతుంది. ఊరి చివర బెల్టు షాపు చూసిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పేదవాళ్ళకి అక్కడ మెడికెయిడ్ అనే సర్కారు బీమా ఉంది. అరిజోనాలో దాన్ని నడిపే సంస్థ పేరు ఏహెచ్‌సీసీసీఎస్, పలకడం మాత్రం 'యాక్సెస్'. అంటే అందుబాటు. అందులో ఆదివాసులకి విడిగా అమెరికన్ ఇండియన్ హెల్త్ ప్లాన్ ఉంది. వైద్యం చేసినవాడు బిల్లు పంపుతాడు, సర్కారు కడుతుంది. మత్తు మాన్పించే ఒక రకం సేవకి రేటే ఖరారు చేయలేదు. ఎంత బిల్లు వేస్తే అందులో ఇంత శాతం అని కట్టారు. బిల్లు పెంచితే డబ్బు పెరుగుతుంది. ఇంకేం కావాలి?

ఈ ప్లాన్ కింద ఆసుపత్రిలో చేర్చకుండా చేసే మానసిక, మత్తు వైద్యానికి 2019లో అయిన ఖర్చు 5 కోట్ల 35 లక్షల డాలర్లు. 2022 నాటికి అది 66 కోట్ల 80 లక్షలు. మూడేళ్ళలో పన్నెండు రెట్లు! ఈ అంకె ఒక్కటే చూసిన ఆఫీసరు ఏమనుకుంటాడు? ఆదివాసులకి వైద్యం బాగా అందుతోందనే అనుకుంటాడు.

జరిగింది వేరు. వాళ్ళ ఊళ్ళకి, సంతలకి, బస్టాండ్లకి వ్యాన్లు వచ్చాయి. తిండి పెడతాం, ఉండడానికి ఇల్లిస్తాం, మందు మాన్పిస్తాం అన్నారు. గంటల దూరంలో ఉన్న ఫీనిక్స్ నగరానికి తీసుకుపోయి మామూలు ఇళ్ళల్లో కుక్కారు. వాటి పేరు 'సోబర్ లివింగ్' ఇళ్ళు, అంటే మత్తు లేకుండా బతికే ఇళ్ళు. కొన్నింట్లో మందూ మత్తూ వాళ్ళే తెచ్చిచ్చారని బాధితులు చెప్పారు. మనిషి మానేస్తే బిల్లు ఆగిపోతుంది కదా. చనిపోయిన వాళ్ళ పేరుమీద, జైల్లో ఉన్నవాళ్ళ పేరుమీద కూడా బిల్లులు పోయాయి. ఆదివాసి కానివాళ్ళని ఆదివాసులుగా రాయించి డబ్బు లాగారు. దొంగ సర్టిఫికెట్ల మీద మనం ఇక్కడ కొట్లాడుతున్నాం కదా, అక్కడ ఒక్క ఫోను కాల్‌తో పేరు మారిపోయింది.

ఇంట్లోవాళ్ళకి మనిషి ఎక్కడున్నాడో తెలియదు. దినే ఆడవాళ్ళు కొందరు ఫొటోలు పట్టుకొని ఫీనిక్స్ వీధుల్లో తిరిగారు. సర్కారు కన్నా ముందు వెతికింది వాళ్ళే.

2023 మే 16న గవర్నరు కేటీ హాబ్స్, అటార్నీ జనరల్ క్రిస్ మేయెస్ కలిసి మోసం జరిగిందని ప్రకటించారు. వందకు పైగా సంస్థలకి డబ్బు ఆపేశారు, తర్వాత ఆ సంఖ్య మూడు వందలు దాటింది. నష్టం 200 కోట్ల డాలర్లకు పైనే అన్నారు. డబ్బు ఆగిన మర్నాటినుంచి ఆ ఇళ్ళవాళ్ళు మనుషుల్ని బయటికి తోశారు. ఆ ఏడాది ఎండాకాలం ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ ఎండలో, తెలియని ఊళ్ళో, చేతిలో పైసా లేకుండా. సర్కారు కొందరికి మోటళ్ళలో చోటిచ్చింది. నవాహో నేషన్ 'ఆపరేషన్ రెయిన్‌బో బ్రిడ్జ్' పెట్టి, తమ పోలీసుల్ని పంపి, దొరికినవాళ్ళని ఇళ్ళకి చేర్చింది. 2022 వసంతం నుంచి 2024 వేసవి దాకా ఈ ఇళ్ళల్లో, సెంటర్లలో ఉన్న ఆదివాసులు కనీసం 40 మంది చనిపోయారని ప్రోపబ్లికా పాత్రికేయులు లెక్క తేల్చారు. అందులో డబ్బు ఆపేసిన తర్వాత పోయినవాళ్ళూ ఉన్నారు.

దొంగల్ని పట్టుకోవడం వేరు, మనుషుల్ని కాపాడడం వేరు. మొదటిది చేస్తూ రెండోది మరిచిపోయారు. నాకు దొంగల మీద కన్నా ఈ మరుపు మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మన దగ్గర ఇట్లా జరగదని అనుకోకండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది, చాలామంది గుండెలు నిలబెట్టింది, కాదనను. ఆ తొలి ఏళ్ళలోనే అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారని గొడవైంది. చివరికి ఆ ఆపరేషన్‌ని సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ప్యాకేజీ ఉన్నచోట కత్తి ముందు నడిచింది.

అయితే బీమా వద్దనాలా? అనొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మానసిక జబ్బు అనే మాటలో మద్యం, మత్తు వల్ల వచ్చే జబ్బుల్ని కూడా చేర్చింది. శరీరం జబ్బుకి బీమా ఎట్లా ఇస్తారో దీనికీ అట్లాగే ఇవ్వాలని 21వ సెక్షన్ చెప్తుంది. మా అత్తకి "నడవదమ్మా" అన్నప్పుడు నాకీ సెక్షన్ తెలియదు. మీకు తెలిసి ఉండాలి.

బీమా అడుగుదాం, షరతులతో అడుగుదాం. బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. గదిలో పెట్టి తాళం వేస్తే వైద్యం కాదు. ఆ మొదటి వారానికి ఏజెన్సీ ఆసుపత్రిలోనే మంచాలు కావాలి. మన భాష వచ్చిన మనిషి కావాలి. అసలు పని ఇంటికొచ్చాక మొదలవుతుంది, కాబట్టి ఏడాది పాటు ఇంటికొచ్చి చూడాలి. బీమా డబ్బులో పెద్ద భాగం ఆ ఏడాది పనికే కట్టాలి, చేర్చుకున్న రోజుల లెక్కకి కాదు.

1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపు చేసే అధికారం గ్రామసభకి ఇచ్చింది. బెల్టు షాపు మూయించడానికి దాన్ని వాడాలి. ఊరినుంచి వైద్యానికి పోయిన మనిషి ఎక్కడున్నాడు, తిరిగొచ్చాడా అని అడిగేదీ గ్రామసభే కావాలి. ఇక్కడొక చిక్కుంది. పేర్లు సభలో చదివితే పరువు పోతుందని ఎవరూ వైద్యానికి రారు, తాగే ఆడవాళ్ళయితే అసలే రారు. జబ్బు వివరాలు గుట్టుగా ఉంచాలని చట్టమే చెప్తోంది. అందుకని నాకు తోచింది ఇది: ఆ మనిషి ఒప్పుకుంటే సెంటరు పేరు, ఫోను, పోయిన తేదీ ఆశా దగ్గర ఒక పుస్తకంలో ఉండాలి. సభకి లెక్క చాలు, పేర్లు వద్దు. ఇంతకన్నా మంచి దారి మీకు తోస్తే చెప్పండి, మార్చుకుందాం.

రాసుకోండి: మత్తు మానడానికి 14446, మనసు బాగోకపోతే 14416. రెండూ సర్కారువే, ఉచితం.

మామ గురించి అడుగుతారు కదా. ఇప్పుడు నెలకోసారి జిల్లా ఆసుపత్రికి పోతున్నాడు, తోడు నేనో అత్తో. ఏడు నెలల్లో రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ తనే వచ్చి చెప్పాడు. ఎడ్లు ఇంకా కొనలేదు. ఈ ఏడు కూడా పక్కింటివాళ్ళ ఎడ్లతోనే దున్నారు.