ఇప్పచెట్టు కింద సైన్సు పాఠం



 మీలో కొందరు మా హాస్టల్లో చదువుకుని వెళ్లినవాళ్లే. ఇప్పుడు డి.ఎడ్., బి.ఎడ్. చేస్తున్నవాళ్లూ ఉన్నారు. అందుకే, చిన్న తరగతులకు సైన్సు చెప్పడం మేము ఎట్లా నేర్చుకున్నామో చెప్పమని సంఘం వాళ్లు అడిగారు.

మేము ట్రైనింగ్ చేసిన రోజుల్లో పాఠ్యపథకం రాయడమే పెద్ద పని. చార్టు మీద మందారపువ్వు గీసి రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు, కేసరాలు, అండకోశం అని రంగులు వేసేవాళ్లం. టీచింగ్ ప్రాక్టీసుకు ఏజెన్సీ బడికి వెళ్లింది మార్చి నెలలో. పిల్లలు తెల్లవారుజామునే అమ్మానాన్నలతో ఇప్పపువ్వు ఏరి, ఆ తర్వాత బడికి వచ్చేవాళ్లు. పువ్వు సంగతి మా చార్టు కంటే వాళ్లకే బాగా తెలుసు. అందుకని చార్టు పక్కన పెట్టి ఇప్పపువ్వే తెమ్మన్నాం.

ఒక్క ప్రశ్న వేశాం. "రాలిన పువ్వంతా మనం ఏరుకుంటాం కదా, మరి చెట్టుకు కాయ ఎట్లా వస్తుంది?"

ఎవరూ మాట్లాడలేదు. పువ్వును చీల్చి చూశారు. కేసరాలు ఆ తియ్యటి రేకుల గొట్టానికే అంటుకుని ఉన్నాయి. అండాశయం మాత్రం అందులో లేదు. చెట్టు కిందికి తీసుకెళ్లి కొమ్మ వంచి చూపిస్తే, రక్షక పత్రాల మధ్య అది కొమ్మ మీదే కనిపించింది. రాలేది రేకులూ కేసరాలూ, చెట్టు మీద మిగిలేది కాయ అయ్యే భాగం. మనం పువ్వు తిన్నా నూనెకు గింజ దొరికేది అందుకే. ఆ రోజు పువ్వు భాగాలను ఎవరూ బట్టీ పట్టలేదు, అయినా అందరికీ వచ్చేశాయి.

అప్పటి నుంచి మాకు ఒక పద్ధతి కుదిరింది. ముందు వస్తువు, తర్వాత ప్రశ్న, చివర పేరు. పుస్తకంలో పేరు ముందుంటుంది. టీచరు దాన్ని తిప్పి చెప్పాలి.

రెండో సంగతి, పోల్చి చూడడం. మన పెద్దలు బురద నీళ్లను తేర్చడానికి చిల్లగింజ అరగదీసి కలుపుతారు. దాన్ని తరగతిలో చేయించాం. ఒకే వాగు నీళ్లు, మూడు గ్లాసులు. ఒకదాంట్లో చిల్లగింజ, ఒకదాంట్లో పటిక, మూడోదాంట్లో ఏమీ కలపలేదు. ఆ మూడోది ఎందుకని ఒక పిల్లవాడు అడిగాడు. అది లేకపోతే నీళ్లు గింజ వల్ల తేరాయో, ఊరికే కదలకుండా ఉన్నందుకు తేరాయో తెలియదు. సైన్సంటే ఆ మూడో గ్లాసే. సన్నటి మట్టి కణాలు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి అడుక్కి దిగుతాయని పిల్లలు కళ్లారా చూశారు. అయితే తేరిన నీళ్లలో కూడా కంటికి కనిపించని క్రిములు ఉండొచ్చు, కాచి తాగాలి అని కూడా చెప్పాం. పెద్దల మాటను వెక్కిరించవద్దు, పరీక్షించకుండా వదలవద్దు. ఈ రెండూ కలిపి నేర్పాలి.

మూడోది, భాష. గోండిలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. ఒకటో తరగతి పిల్ల "ఏరు ఎండింది" అని వింటే ఏమనుకుంటుంది? జవాబు చెప్పని పిల్ల మొద్దు అని రాసేసే టీచర్లున్నారు. ఆ పిల్లకు సైన్సు రాక కాదు, మాట అందక. మన భాష తెలిసిన టీచరు ఒక్క మాటతో ఆ ముడి విప్పగలదు.

నాలుగోది, పాఠం ఇంటికి చేరాలి. తొట్టిలో కదిలే పురుగుల్ని నీళ్లతో సహా సీసాలో పట్టి, మూతికి గుడ్డ కట్టి తరగతిలో పెట్టాం. కొద్ది రోజులకు లోపల దోమలు ఎగురుతున్నాయి. ఎవరూ చెప్పకుండానే ఆ సాయంత్రం పిల్లలు ఇళ్లకు వెళ్లి తొట్లు ఒంపేశారు. మలేరియా, డెంగ్యూ ఉన్న మన ప్రాంతంలో ఇది మార్కుల కోసం చదివే పాఠం కాదు, ప్రాణం కాపాడే పాఠం.

ఇక మీ గురించి.

మన పిల్లలకు మన వాళ్లే టీచర్లు కావాలన్న ఆలోచన కొత్తది కాదు. 1943లోనే మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. 2000లో జీవో నంబర్ 3 వచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. ఆ తీర్పుతో ట్రైనింగ్ కలలు కన్న పిల్లల ముఖాలు ఎట్లా వాడిపోయాయో మాకు తెలుసు. హక్కు కోసం అడగవలసిన చోట సంఘాలు అడుగుతాయి, అడగాలి కూడా. కానీ ఆ తీర్పు వచ్చిందని సైన్సు గ్రూపు వదిలి, ట్రైనింగ్ మానుకుంటే నష్టపోయేది ఒకటో తరగతిలో కూర్చున్న మన చెల్లెలే. పోస్టు ఎవరికి వచ్చినా, ఏర్‌కూ ఏరుకూ తేడా తెలిసిన మనిషి ఆ గదిలో ఉండాలి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ట్రైనింగులో ఉన్నవాళ్లు మీ ఊరి చెట్లు, గింజలు, వానలు, పంటల మీద పది ప్రశ్నలు రాసుకోండి. జవాబులు ముందు అవ్వను, తాతను అడగండి, తర్వాత పుస్తకంలో చూడండి, చివరకు చేసి చూడండి. ఉద్యోగం రానివాళ్లు సెలవుల్లో హాస్టల్‌కు రండి. సాయంత్రం ఒక గంట పిల్లలతో కూర్చోండి. మూడు గ్లాసులు, ఒక సీసా మేమిస్తాం.

పిల్లలు ప్రశ్న అడిగితే "నోరు మూసుకో" అనని టీచర్లు మన గూడేలకు కావాలి. అట్లాంటి టీచర్లు మీలో నుంచే రావాలి.