తాళము వేసిన మరుగుదొడ్డి



పాఠశాలలలో నీరు, పారిశుధ్యము గూర్చి మాట్లాడుమని కోరినారు. నేను ఇంజనీరును కాను. ఒక బడికి కొంతకాలము కరస్పాండెంటుగా నుంటిని గనుక అక్కడ చూచినది చెప్పెదను.

ఆ బడిలో బాలికలకు నాలుగు మరుగుదొడ్లు, గోడలకు టైల్సు, ప్రారంభోత్సవపు శిలాఫలకము ఉన్నవి. తలుపులకు మాత్రము తాళములు. మోటారు కాలిపోయినది, నీళ్లు లేకుండ వాడిన పాడగునని మూసి, తాళపుచెవులు ఉపాధ్యాయుల గదిలో ఉంచిరి. అక్కడికి పోయి చెవి అడుగుటకు ఏ ఆడపిల్లకు నోరు వచ్చును? అదే బడిలో చదువు మా పెద్దమ్మాయి చెప్పువరకు నాకు తెలియదు: పిల్లలు ఉదయము నుండి నీళ్లు త్రాగుటయే మానుకొన్నారట. నెలసరి దినములలో కొందరు బడికే రారట. హాజరు పట్టీల క్రింద నెలనెల సంతకము చేసినవాడను నేనే.

ఇది మా ఒక్క బడి కథ కాదు. బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, మంచినీరు ఉండవలెనని 2009 విద్యాహక్కు చట్టము చెప్పినది. 2014లో మొదలైన స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమము క్రింద లక్షలలో కట్టించిరి. వాటిలో ప్రభుత్వ రంగ సంస్థలు కట్టినవి కొన్నిటిని కాగ్ వారు పరీక్షించి 2020లో పార్లమెంటుకు నివేదిక ఇచ్చిరి: నూటికి 72 చోట్ల లోపల కుళాయి నీరు లేదు. కట్టడమునకు దాతలు దొరకుదురు, రాతిపై పేరు చెక్కవచ్చును గదా! సబ్బుకు, ఫినాయిలుకు, కడుగు ఆమె జీతమునకు ఎవరి పేరు చెక్కెదము?

పిల్లలు చేతులు కడుగరని మనము కోపపడుదుము. లెక్క చూడుడి. 200 మంది భోజనమునకు ముందు తలకు 20 సెకనులు కడిగినచో, రెండు కుళాయిల వద్ద అరగంట దాటును. విరామమంతయు వరుసలోనే పోవును. పిల్లల ఎత్తున ఒకే గొట్టమునకు పది కుళాయిలు బిగించిన, ఏడు నిమిషములు చాలును.

మా బడిలో మోటారు రెండు దినములలో బాగైనది. కడుగు ఆమెకు జీతము కుదుర్చుటకే కమిటీ మూడు మారులు కూడవలసి వచ్చెను. ఆమె వచ్చిన తరువాత తాళములు తీసితిమి.

ఈ శతవార్షికోత్సవ నిధి నుండి మన బడులకు క్రొత్త గదులు కట్టుటకు అంచనాలు వేయుచున్నారని వింటిని. ప్రతి అంచనా ప్రక్కన సబ్బు, ఫినాయిలు, మోటారు మరమ్మతు, జీతము అను నెలవారీ పద్దు కూడ వ్రాయుడని పెద్దలను బ్రతిమాలుకొనుచున్నాను.