సూయజ్ కాలువలో మన సంస్థానపు సవార్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఈ బడిలో మనం మొదటి ప్రపంచయుద్ధం పాఠం చదువుకున్నాం. కారణాలు, ఫలితాలు బట్టీపట్టి పరీక్ష రాశాం. మన ఓరుగల్లు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. ఆ రాజ్యం ఖర్చు భరించి రెండు అశ్వదళాలను ఆ యుద్ధానికి పంపిందని నేను చరిత్ర ఉపాధ్యాయుడినయ్యాకే తెలుసుకున్నాను.

1914లో దక్కన్ హార్స్ దళం సూయజ్ కాలువ గుండా ఫ్రాన్సుకు సాగిపోయింది. హైదరాబాద్ లాన్సర్లు మాత్రం ఆ కాలువకు కాపలాగా ఈజిప్టులోనే దిగారు. దాదాపు 160 కిలోమీటర్ల కాలువ అది. రెండు గట్ల నడుమ ఓడ మెల్లగా పోవాలి. ఓడ లోపల ఇరుకు కొట్టాల్లో గుర్రాలు రోజుల తరబడి నిలబడే ఉండేవి. వాటికి మేత, నీళ్ళు చూడటం సవారు పని.

ఆ ఏడు నవంబరులో టర్కీ యుద్ధంలోకి దిగి జిహాద్ ప్రకటించింది. టర్కీ సుల్తాను ముస్లింలకు ఖలీఫా. లాన్సర్లలో చాలామంది ముస్లింలు. బ్రిటిష్ వారికి విధేయులుగా ఉండమని మన ఉస్మాన్ అలీ ఖాన్ ప్రకటన చేశారు. 1915 ఫిబ్రవరి 3న టర్కీ సేన సినాయ్ ఎడారి దాటి, పడవలు మోసుకొచ్చి కాలువ మీద పడింది. ఫిరంగి గుళ్ళు తగిలి హార్డింజ్ అనే ఓడ పొగగొట్టాలు దెబ్బతిన్నాయి. కాపలా ఉన్న భారతీయ సిపాయిలు ఆ దాడిని తిప్పికొట్టారు.

జీతమిచ్చే ప్రభువు ఒకవైపు, ఖలీఫా ఒకవైపు. మీరే ఆ సవారైతే ఏం చేస్తారని తరగతిలో అడిగేవాణ్ణి. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "ఇంటికి ఉత్తరం రాసిండా సార్?" అని ఎదురడిగింది. పుస్తకంలో దానికి జవాబు లేదు.

ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో 1922లో నిలిపిన మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ దళాలవి. అటు వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి. ఇంకొక మనవి. మీ ఇళ్ళలో పాత సందూకులు తెరవండి. ఏ యుద్ధానిదైనా సరే, ఒక పతకమో, పింఛను కాగితమో, ఉర్దూ ఉత్తరమో దొరికితే పారేయకండి. దాని నకలు తీయించి మన బడి గ్రంథాలయానికి ఇవ్వండి. ఉర్దూ చదివి పెట్టే మిత్రులు మన సంఘంలోనే ఉన్నారు.