ఖాళీ వేరు, తీరిక వేరు

(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో మన సభ్యులే కొందరు ఒక తీర్మానం తెచ్చారు. "కూలీలు పొద్దున ఎనిమిదికి వచ్చి ఒంటిగంటకే వెళ్లిపోతున్నారు. ఒక పూటకు ఇంత కూలి ఇచ్చి సేద్యం చేయలేం. అదే కూలికి సాయంత్రం ఐదు దాకా పని చేయాలని సంఘం ఊరూరా కట్టుబాటు పెట్టాలి" అన్నది ఆ తీర్మానం. నేను వద్దన్నాను. కొందరికి కోపం వచ్చింది. "నీకేం, చెప్పడం సులువు. గుత్త కట్టేది మేము" అన్నారు. చర్చ ముగియక ముందే చీకటి పడింది, పాలు పిండే వేళయిందని అందరం లేచిపోయాం. ఆ రోజు చెప్పలేకపోయినది ఈ రోజు చెబుతాను.

తీర్మానం తెచ్చిన వాళ్లది అబద్ధం కాదు. నాకూ అనంతపురం జిల్లాలో ఆరెకరాల బుడ్డల చేను ఉంది. వాన పడి నాలుగు రోజులు ఆగితే కలుపు చేనంతా కమ్ముతుంది. ఆ నాలుగు రోజుల్లో మనుషులు దొరకాలి, దొరికిన మనుషులు ఉండాలి. ఒంటిగంటకు ఆమె కొడవలి కడుక్కుని గట్టు మీద నిలబడితే నాకూ గుండె జారుతుంది. ఆ బాధ నిజం. ఆ బాధకు కారణం ఆమె కాదు అన్నదే నా మాట.

ముందు మన గంటలు లెక్క పెట్టుకుందాం. పోయిన వారం నేను నా రోజును కాగితం మీద రాసి చూశాను. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా కొట్టం, పాలు, పాలకేంద్రం. ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా చేను. మూడు నుంచి ఆరు దాకా మళ్లీ చేను, గడ్డి. ఆరు నుంచి ఏడున్నర దాకా మళ్లీ పాలు. మొత్తం పదకొండున్నర గంటలు. ఆవుకు ఆదివారం తెలియదు కాబట్టి వారానికి ఏడు రోజులు. అంటే ఎనభై గంటలు దాటింది. రాత్రి నీళ్లు కట్టిన గంటలు, పందులకు కావలి పడుకున్న రాత్రులు ఇందులో రాయలేదు.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువకులు వారానికి డెబ్బై గంటలు పని చేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు తొంభై గంటలన్నారు. దేశమంతా గొడవ జరిగింది, టీవీల్లో చర్చలు పెట్టారు. మంచిదే. కానీ ఎనభై గంటలు పని చేస్తున్న రైతును ఆ చర్చకు ఎవరూ పిలవలేదు. మన గంటలు ఎవరి లెక్కలోనూ లేవు.

లెక్కలో ఎందుకు లేవు? కొంచెం వెనక్కి పోదాం. 1886లో అమెరికాలోని చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం సమ్మె కట్టారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టగానే చేసిన మొట్టమొదటి ఒప్పందం రోజుకు ఎనిమిది, వారానికి నలభై ఎనిమిది గంటల మీదే. కానీ అది పరిశ్రమలకు. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల హద్దు గీసింది, వారానికొక సెలవు ఇచ్చింది. అదీ ఫ్యాక్టరీ గేటు లోపలే. చేనికి గేటు లేదు, హద్దూ లేదు.

మా చిన్నప్పుడు మా ఊళ్లో సోమవారం మడక కట్టేవాళ్లు కాదు. బసవన్న రోజు అని ఎద్దు మెడ మీద కాడి పెట్టేవాళ్లు కాదు. ఎద్దుకు వారానికొక సెలవు ఉండేది. మనిషికి మాత్రం ఆ రోజు కంచె పని, ఎరువు పని, సంత పని ఉండేవి. ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది. బాడుగ ట్రాక్టరు మన కోసం సోమవారం ఆగదు. ఎద్దుతో పాటు ఆ ఒక్క సెలవూ పోయింది.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి అడగవచ్చు: "వేసవిలో రైతు ఖాళీయే కదా? కట్ట మీద కూర్చుని పులిజూదం ఆడేది ఎవరు?" మంచి ప్రశ్న. దానికి నా జవాబు: ఖాళీ వేరు, తీరిక వేరు. చేతిలో డబ్బు ఉండి, అప్పుల వాడి ఫోను రాకుండా, రేపటి బాధ లేకుండా కూర్చుంటే అది తీరిక. పని లేక, కూలి లేక కూర్చుంటే అది నిరుద్యోగం. ఫ్యాక్టరీ కార్మికుడు సాధించుకున్నది జీతంతో కూడిన సెలవు. మనకు దొరికేది ఆదాయం లేని ఖాళీ. ఆ ఖాళీలోనే మా జిల్లా వాళ్లు బెంగళూరులో సిమెంటు మోస్తున్నారు. పాలమూరు వాళ్లు తరాలుగా వలస పోయింది ఆ ఖాళీలోనే. కట్ట మీద కనిపించేది బస్సు ఎక్కని వాళ్లు మాత్రమే.

ఇప్పుడు ఒంటిగంటకు వెళ్లిపోయే ఆమె సంగతి చూద్దాం. ఆమె ఎక్కడికి పోతోంది? 2024లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా టైమ్ యూజ్ సర్వే చేసింది. ఏ మనిషి రోజులో ఏ పనికి ఎంత సేపు పెడుతున్నాడో అడిగి రాసిన లెక్క అది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపని చేస్తామన్న మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. వంట, అంట్లు, బట్టలు, నీళ్లు, ఇవన్నీ జీతం లేని పని. 289 నిమిషాలంటే ఐదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ.

కాబట్టి మన చేలో ఐదు గంటలు, ఇంట్లో దాదాపు ఐదు గంటలు. దారి నడక కలపకుండానే ఆమె పనిదినం పది గంటలకు దగ్గర. మనం పెట్టమన్న కట్టుబాటు పెడితే, మధ్యాహ్నం అన్నానికి గంట తీసేసినా, ఆమె రోజు పదమూడు గంటలకు చేరుతుంది. రాత్రి విత్తనానికి బుడ్డలు వలిచే గంటలు ఇంకా పైన. ఎనభై గంటల పనితో నడుం విరిగిన రైతు, తన కంటే పేద మనిషిని "నువ్వూ విరగ్గొట్టుకో" అనడం న్యాయమా? పైగా మనలో చాలామంది ఇళ్లలోని ఆడవాళ్లే పొరుగు చేనికి కూలికి పోతున్నారు. ఆ కట్టుబాటు మన వంటింటికే వచ్చి తగులుతుంది.

"మరి నా ఖర్చు ఎవరు భరించాలి?" అంటారు. అసలు సంగతి అదే. కూలి ఎక్కువ అని మనకు అనిపిస్తోంది. ధర తక్కువ అన్నది దాని అసలు పేరు. 2025–26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. దానికి కేంద్రం చూపిన ఖర్చు 4,842. ఖర్చు మీద సగం కలిపి ఇచ్చామంటున్నారు. కానీ ఆ ఖర్చులో మనం పెట్టిన పెట్టుబడి, ఇంటిల్లిపాది చేసిన పని మాత్రమే ఉన్నాయి. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కలిపితే వచ్చేది సీ2 ఖర్చు. దాని మీద సగం కలపాలన్నది రైతు సంఘాల కోరిక. స్వామినాథన్ గారి కమిషన్ ఖర్చుకు కనీసం సగం కలపాలని 2006లోనే చెప్పింది. ఇక పంట మార్కెట్టుకు పోయినప్పుడు ఆ ప్రకటించిన ధర అయినా మనలో ఎంతమందికి దక్కిందో మీకే తెలుసు.

మన గంట విలువెంతో ఇంకో లెక్క చూడండి. 2018–19 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఒక రైతు కుటుంబానికి పంటల మీద వచ్చిన ఆదాయం నెలకు సగటున 3,798 రూపాయలు. రోజుకు నూట ఇరవై ఆరు. భార్యాభర్తలిద్దరూ రోజుకు నాలుగేసి గంటలే పొలంలో పని చేశారనుకుందాం. గంటకు పదహారు రూపాయలు కూడా పడదు. గంటకు పదహారు రూపాయలు వచ్చే మనిషి ఎక్కువ గంటలు పని చేస్తాడు, వేరే దారి లేదు. ధర తగ్గినకొద్దీ పనిగంటలు పెరుగుతాయి. చేను చాలదని ఆవులు, ఆవులు చాలవని కూలి, కూలి చాలదని వలస. మన తీరికను మింగింది ఈ వరస. ఒంటిగంటకు లేచిపోయిన కూలి మనిషి మింగలేదు.

ధర ఒక్కటే కాదు. పనిగా కూడా లెక్కకు రాని గంటలు మన దగ్గర ఎన్ని పోతున్నాయో చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు గంటల కరెంటును రెండు విడతలుగా ఇచ్చిన రోజులు గుర్తున్నాయి కదా. రాత్రి విడతకు టార్చిలైటు పట్టుకుని పోయి పాము కరిచి, షాకు కొట్టి ఇంటికి రాని వాళ్లు ఉన్నారు. మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు పెట్టుకున్నది సోమరితనంతో కాదు, ఆ రాత్రి నిద్ర కోసం. పగటి కరెంటు అంటే మనకు నిద్రపోయే హక్కు.

2025 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా లైన్లు చూశాం. మనిషి నిలబడలేక చెప్పులు, పాస్‌బుక్కులు లైనులో పెట్టారు. వరి రైతు కొనుగోలు కేంద్రంలో తేమ పదిహేడు శాతానికి దిగేదాకా వడ్లు ఆరబోసి, ఆ తర్వాత సంచుల కోసం, లారీ కోసం కుప్ప పక్కనే రాత్రులు పడుకుంటున్నాడు. ఈ గంటలకు కూలి ఏ ఖర్చు లెక్కలో ఉంది? ఆఫీసులో మనిషి గంట ఆలస్యంగా వస్తే జీతంలో కోత. మన రెండు రోజులు లైనులో పోతే అడిగేవాడు లేడు.

పట్నంలో పని చేసే మన పిల్లల సంగతీ ఇందులో భాగమే. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకు గరిష్ఠ పనిగంటలను తొమ్మిది నుంచి పదికి పెంచడానికి ఒప్పుకుంది. జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, వారానికి 48 గంటల హద్దు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలంది. కాగితం మీద వారం హద్దు ఉంది. పదో గంట దాటాక "లేదు" అని లేచి వచ్చే బలం కొత్తగా చేరిన మన పిల్లవాడికి ఉంటుందా? ఫ్యాక్టరీలో గంటలు పెంచితే కార్మిక సంఘాలతో పాటు మనమూ తప్పంటున్నాం. అదే నోటితో మన చేలో గంటలు పెంచమని తీర్మానం ఎలా చేస్తాం?

ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడిన వాళ్లు పక్కనున్న వాడి గంటలు పెంచమని అడగలేదు. తక్కువ గంటలకు బతికేంత కూలి అడిగారు. మనం నేర్చుకోవలసింది అదే. అందుకని ఆ తీర్మానం బదులు మీ ముందు నాలుగు మాటలు పెడుతున్నాను.

ఒకటి. కూలి గంటల మీద కట్టుబాటు వద్దు. ప్రతి ఊళ్లో కూలీ అక్కలతో కలిసి కూర్చుందాం. కలుపు ముంచుకొచ్చిన రోజుల్లో మధ్యాహ్నం కూడా ఉండగలిగిన వాళ్లకు అదనపు కూలి ఎంతో అక్కడే తేల్చుకుందాం. చిన్న రైతులు ఒకరి చేనికి ఒకరు బదులు పోయే పాత పద్ధతిని మళ్లీ మొదలుపెడదాం. కలుపు యంత్రాలు చిన్న కమతాలకు తక్కువ బాడుగకు దొరికేలా అధికారుల మీద ఒత్తిడి తెద్దాం.

రెండు. సీ2 మీద సగం కలిపిన మద్దతు ధర, దానికి చట్టబద్ధ హామీ. ఈ డిమాండును ఇంతదాకా ఆదాయం డిమాండుగానే చెప్పాం. ఇక మీద విశ్రాంతి డిమాండుగా కూడా చెబుదాం.

మూడు. పగటి కరెంటు, లైను లేని యూరియా, చెప్పిన రోజున కాటా వేసే కొనుగోలు కేంద్రం. ఇవి తప్పిన రోజున ఎన్ని గంటలు పోయాయో తేదీతో సహా రాసి పెట్టుకుందాం. ప్రతి సభ్యుడూ ఒక నెల పాటు ఒక నోటుపుస్తకంలో తన గంటలు రాయాలి. ఇంట్లో ఆడవాళ్ల గంటలు పక్క గడిలో రాయాలి, వాళ్లను అడిగి రాయాలి. కలెక్టరు దగ్గరికి పోయేటప్పుడు అర్జీతో పాటు ఆ పుస్తకాలు తీసుకుపోదాం.

నాలుగు. ఇది మగవాళ్లకు. ఆ పక్క గడి చూశాక మన 88 నిమిషాలు పెరగాలి. దీనికి ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వక్కర్లేదు. నేను సాయంత్రం పాలు పిండడం నాదే అని మొదలుపెట్టాను. మా ఇంటావిడ ఆ గంటలో ఏం చేస్తోందని అడగకండి. ఊరికే కూర్చుంటోంది. ముప్పై ఏళ్లలో ఆమె అలా కూర్చోవడం నేను చూడలేదు.

వచ్చే సమావేశం సాయంత్రం పాల వేళకు పెట్టవద్దు. మధ్యాహ్నం రెండింటికి పెడదాం, కూలీ అక్కలు కూడా రాగలిగే వేళ అది. నోటుపుస్తకాలు మరిచిపోకుండా తీసుకురండి. తీర్మానం మీద ఓటు ఆ లెక్కలు చదివాకే వేద్దాం.

సెలవు.